ఫీనిక్స్ ఎండలో పెరటి తోట: ఇంటిల్లిపాదీ కలిసి ఇలా మొదలుపెట్టండి

అరిజోనాలో ఫీనిక్స్, చాండ్లర్, గిల్బర్ట్ వైపు కొత్తగా ఇల్లు కొనుక్కున్న మనవాళ్ళు చాలామంది ఏప్రిల్ రాగానే ఉత్సాహంగా నర్సరీకి బయల్దేరతారు. టమాటా, కొత్తిమీర, పాలకూర, గులాబీలు... డిక్కీ నిండా తెచ్చి ఆ వారాంతమే నాటేస్తారు. జూన్ మొదటి వారానికి పెరట్లో మిగిలేవి ఎండుపుల్లలు, చేతిలో నీళ్ళ బిల్లు. "ఈ ఎడారిలో ఏమీ పెరగదండీ" అని ఆ తరవాత తీర్మానం చేసేస్తారు.

పెరగకపోవడమేం లేదు. ఇదే లోయలో హోహోకమ్ అనే పాతకాలపు జనం వందల మైళ్ళ పొడవున కాలవలు తవ్వి, దాదాపు 1450 వరకు మొక్కజొన్న, చిక్కుడు గింజలు, గుమ్మడి, పత్తి పండించారు. వాళ్ళ వారసులమని చెప్పుకునే ఓధమ్ ప్రజలు ఇప్పటికీ పండిస్తున్నారు. తేడా అంతా క్యాలెండర్ దగ్గరే వస్తోంది. ఇక్కడ తోటకు ఉగాది సెప్టెంబరు చివర్లో వస్తుంది. ఏప్రిల్‌లో మొదలుపెట్టడమంటే పరీక్ష రోజున పుస్తకం తెరిచినట్టే.

ఎండ సంగతి ముందే తెలిసి ఉండడం మంచిది. ఫీనిక్స్‌లో ఏడాది మొత్తానికి పడే వాన ఏడెనిమిది అంగుళాలు. 2023 వేసవిలో వరసగా 31 రోజులు పగటి ఎండ 110 డిగ్రీల ఫారన్‌హీట్‌కు, అంటే మన లెక్కలో 43 డిగ్రీలకు తగ్గలేదు. 2024లో వరసగా 113 రోజులు వందకు తగ్గలేదు. అయితే అక్టోబరు నుంచి మే మొదటి వారం దాకా పెరట్లో కూర్చుంటే లోపలికి రాబుద్ధి కాదు. మంచు తవ్వుకునే ఊళ్ళలో ఉన్న మన స్నేహితులకు ఆ భాగ్యం లేదు.

ముందు నీడ, తరవాతే మొక్క

ఒక్క మొక్క కూడా కొనకముందు, ఒక ఆదివారం పెరట్లో నీడ ఎలా కదులుతుందో చూడండి. పిల్లల చేతికి చాక్‌పీస్ ఇచ్చి, పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం అయిదుకు ఇంటి నీడ అంచు ఎక్కడ పడుతుందో గోడ మీద, నేల మీద గీయమనండి. వాళ్ళకు ఆట, మీకు ప్లాను. వీలైతే డిసెంబరులో మళ్ళీ గీయించండి. చలికాలంలో ఇంటికి ఉత్తరం పక్కన చాలా మేర ఎండ పొడే తగలదు. అక్కడ మెంతికూర వేస్తే లేచి నిలబడదు.

కూరగాయలకు అన్నిటికంటే మంచి చోటు ఇంటికి తూర్పు పక్క. పొద్దుటి ఎండ పడుతుంది, మధ్యాహ్నం దాటాక ఇల్లే నీడ ఇస్తుంది. అన్నిటికంటే చెడ్డ చోటు పడమటి ఎండ నేరుగా తగిలే కాంక్రీటు బ్లాక్ గోడ ముందు. ఆ గోడ పగలంతా ఎండను మింగి, రాత్రి పొద్దుపోయాక కూడా వేడి కక్కుతూనే ఉంటుంది. చెయ్యి పెట్టి చూడండి, తెలుస్తుంది. నర్సరీలో మొక్క చీటీ మీద "ఫుల్ సన్" అని ఉంటే నమ్మకండి. అది చల్లటి ఊళ్ళ కోసం రాసింది. ఇక్కడ దాన్ని "పొద్దుటి పూట ఆరు గంటల సేపు ఎండ" అని చదువుకోవాలి.

తూర్పు పక్క చోటు లేకపోతే షేడ్ క్లాత్ కట్టుకోండి. 30 నుంచి 50 శాతం ఎండను ఆపే రకం సరిపోతుంది. అంతకంటే చిక్కటిది కడితే బెండ, వంగ కూడా ఆకు పెంచుకుంటూ కాయడం మానేస్తాయి. మే నెలాఖరుకు కట్టి, సెప్టెంబరు చివర్లో విప్పేయండి. పైన, పడమటి వైపు ఉంటే చాలు, చుట్టూ మూయకండి, గాలి ఆడాలి. పాత చీర కడదామా అని అమ్మ అడుగుతారు. కట్టొచ్చు గానీ ఈ ఎండకు త్వరగానే చివికిపోతుంది.

శాశ్వతమైన నీడ కావాలంటే పడమటి వైపు ఒక ఎడారి చెట్టు వేయండి. మెస్కీట్ ఇక్కడి చెట్టు, మన జమ్మికి దగ్గరి చుట్టం. పాలో వెర్డె ఇంకో మంచి చెట్టు. దాని కాండం కూడా ఆకుపచ్చగా ఉండి ఆకులు చేసే పనే చేస్తుంది, వసంతంలో చెట్టంతా పసుపు పూతే. పిల్లలున్న ఇంటికి ముళ్ళు లేని "డెజర్ట్ మ్యూజియం" అనే రకం అడిగి తీసుకోండి. నాటే నెలలు అక్టోబరు, నవంబరు. హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉన్న కాలనీ అయితే ముందే కాగితం పెట్టి అనుమతి తీసుకోండి, తరవాత టెన్షన్ ఉండదు.

తవ్వే ముందు

811కి ఫోన్ చేయండి. గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. రెండోది, పొడి మట్టిని ఎప్పుడూ తవ్వకండి. ఈ నేలలో వ్యాలీ ఫీవర్ తెచ్చే బూజు ఉంటుంది, దుమ్ములో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముందు రోజు నేలను బాగా తడిపి, మాస్కు పెట్టుకుని తవ్వండి. దుమ్ము తుఫాను వచ్చే రోజు పిల్లల్ని, పెద్దవాళ్ళను లోపలే ఉంచండి.

పెరట్లో గ్రావెల్ పరిచి ఉంటే దాన్ని పక్కకు తోసి, కింద ప్లాస్టిక్ గుడ్డ ఉంటే కోసి తీసేయండి. ఇప్పుడు అడుగు లోతు, అడుగు వెడల్పు గుంత తవ్వి నిండా నీళ్ళు పోయండి. ఒకసారి ఇంకిపోయాక మళ్ళీ నింపండి. రెండోసారి పోసిన నీళ్ళు కొన్ని గంటల్లో ఇంకిపోతే అదృష్టం. మర్నాడు పొద్దున కూడా అలాగే నిలిచి ఉంటే కింద కలీచీ ఉన్నట్టు. కలీచీ అంటే సున్నం గట్టిపడి సిమెంటులా తయారైన పొర. పారకు లొంగదు, గునపం వేస్తే ఖంగుమంటుంది, తెల్లటి పెచ్చులు లేస్తాయి. పలచటి పొరైతే గునపంతో పగలగొట్టి కిందికి నీటి దారి చేయండి. మందంగా ఉంటే గుంత పూడ్చేసి పది అడుగుల అవతల ఇంకోటి తవ్వి చూడండి. కలీచీ పైన చెట్టు నాటితే తొట్టిలో నాటినట్టే, వేళ్ళు నీళ్ళలో నాని కుళ్ళిపోతాయి.

మట్టి సంగతి: సున్నం ఎక్కువ, పీహెచ్ 8 పైనే ఉంటుంది, ఆకుల కుళ్ళు దాదాపు ఉండదు. కొత్త మడికి మూడు నాలుగు అంగుళాల మందాన కంపోస్ట్ పరిచి, పై అడుగు మట్టిలో కలిపేయండి. ప్రతి సెప్టెంబరులోనూ మళ్ళీ కలపాలి, ఈ వేడికి కంపోస్ట్ ఏడాదిలోనే కరిగిపోతుంది. వంటింటి తొక్కలతో సొంతంగా చేసుకునే వాళ్ళు కుప్పను నీడలో పెట్టి, అప్పుడప్పుడు తడుపుతుండాలి. ఇక్కడ కుప్ప కుళ్ళకపోవడానికి కారణం ఎప్పుడూ ఒకటే, ఎండిపోవడం.

లాన్‌లో ఉండే బెర్ముడా గ్రాస్ మన గరికే. వినాయక చవితికి బయట వెతుక్కోనక్కర్లేదు, కానీ మడిలోకి దిగిందంటే వేరు ముక్క మిగిలినా మళ్ళీ లేస్తుంది. మడి కట్టే ముందే దాన్ని వేళ్ళతో సహా తీసేయండి.

మడి ఎత్తుగా వద్దు, పల్లంగా

అమెరికాలో ఏ తోట వీడియో చూసినా చెక్కలతో ఎత్తుగా కట్టిన పెట్టెలే కనిపిస్తాయి. వాన ఎక్కువ, నేల చల్లన ఉన్న చోట అది తెలివైన పని. ఇక్కడ ఆ పెట్టెకు నాలుగు పక్కలా ఎండ తగిలి మట్టి పెనంలా కాలుతుంది, తెల్లారి పోసిన నీళ్ళు మధ్యాహ్నానికి ఉండవు. నడుము వంచలేని పెద్దవాళ్ళ కోసమో, కింద కలీచీ ఉండటం వల్లో తప్పదనుకుంటే పెట్టి, పడమటి వైపు నీడ చూసుకోండి. లేకపోతే మన ఊళ్ళో ఆకుకూరలకు కట్టినట్టే, చుట్టూ గట్టు పోసి మధ్యలో నాలుగు నుంచి ఆరు అంగుళాలు పల్లంగా మడి కట్టండి. న్యూ మెక్సికోలో జూనీ తెగ వాళ్ళు తరతరాలుగా చేస్తున్నది ఇదే. చిన్న చిన్న చదరపు గళ్ళుగా గట్లు కట్టి, గడికి కొన్ని గింజలు వేస్తారు. గట్టు నీడ మొలకకు దొరుకుతుంది, నీళ్ళు పక్కకు పోవు, వేడిగాలి పైనుంచి పోతుంది. బురద మట్టితో గట్లు మెత్తే పని పిల్లలకు వదిలేయండి, వంకరగా వచ్చినా నష్టం లేదు.

మొక్కలు జానెడు ఎత్తు అయ్యాక మొదళ్ళ చుట్టూ రెండు మూడు అంగుళాల మందాన ఎండుగడ్డో, చెక్కపొట్టో పరచండి. కాండానికి ఆనించకుండా రెండు వేళ్ళ సందు వదలండి.

నీళ్ళు: తక్కువ సార్లు, ఎక్కువ లోతు

రోజూ సాయంత్రం పైపు పట్టుకుని పైపైన చల్లడం మనసుకు హాయిగా ఉంటుంది, మొక్కకు మాత్రం చేటు. వేళ్ళు పైనే ఉండిపోతాయి, పైన మట్టే ముందు కాలుతుంది. పైగా ఈ ఊరి నీళ్ళలో ఉప్పు ఎక్కువ. కొద్దికొద్దిగా పోస్తే నీరు ఆవిరై ఉప్పు పైనే మిగిలి, మట్టి మీద తెల్లగా చౌడు తేలుతుంది, ఆకుల అంచులు మాడతాయి. లోతుగా తడిపితే ఆ ఉప్పు వేళ్ళ కిందికి దిగిపోతుంది.

ఇక్కడి వాళ్ళు చెప్పే లెక్క తేలిగ్గా గుర్తుంటుంది: కూరగాయలు, పూలమొక్కలకు ఒక అడుగు, పొదలకు రెండు అడుగులు, చెట్లకు మూడు అడుగుల లోతు తడవాలి. తడిసిందో లేదో తెలియాలంటే పొడవాటి ఇనప చువ్వ గుచ్చి చూడండి. తడి ఉన్నంత మేర సులువుగా దిగుతుంది, పొడి తగలగానే ఆగిపోతుంది. డ్రిప్ పెట్టుకుంటే టైమర్‌తో తెల్లవారుజామున పనైపోతుంది. చెట్టు పెరిగే కొద్దీ ఎమిటర్లను, అంటే పైపు మీద నీటిచుక్కలు కారే బిళ్ళలను, మొదలు నుంచి దూరంగా జరపడం మరచిపోకండి. నీటిని తాగే వేళ్ళు కొమ్మల అంచు కింద ఉంటాయి. మెస్కీట్‌కు రోజూ కొంచెం కొంచెం నీళ్ళు పెట్టి ముద్దు చేస్తే వేళ్ళు లోతుకు పోవు. జూలైలో మాన్‌సూన్ గాలికి చెట్టు వేళ్ళతో సహా పడిపోవడం ఈ వీధుల్లో ఏటా కనిపించే దృశ్యమే.

మట్టి కుండ పద్ధతి కూడా ఇక్కడ బాగా పనిచేస్తుంది. పూత లేని మట్టికుండను మెడ వరకు మడిలో పాతి, నీళ్ళు నింపి, మూత పెట్టండి. కుండ గోడల్లోంచి నీరు మెల్లగా చెమ్మగిల్లి చుట్టూ ఉన్న వేళ్ళకు అందుతుంది. ఇక్కడి షాపుల్లో దీన్ని ఓయా అంటారు, ధర చూస్తే గుండె ఆగుతుంది. మామూలు టెర్రకోటా కుండీ కొని, అడుగున చిల్లు మూసేస్తే అదే పని చేస్తుంది. నానమ్మకో తాతయ్యకో రోజూ చేయడానికి బరువు లేని పని ఇది, మూత తీసి చెంబుతో నింపడం.

వాననీళ్ళను వదులుకోకండి. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద ఒక్క అంగుళం వాన పడితే దాదాపు 620 గ్యాలన్లు. కప్పు నీళ్ళు దూకే చోటు నుంచి చిన్న కాలవ తీసి, నిమ్మ, దానిమ్మ పాదుల్లోకి మళ్ళించండి. పాదు ఇంటి పునాదికి దూరంగా ఉండాలి.

ఏ నెలలో ఏం వేయాలి

సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు అంతా విత్తే కాలం. మెంతికూర, కొత్తిమీర, పాలకూర, ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్ గింజలు నేరుగా మడిలో చల్లండి. క్యాబేజీ, కాలిఫ్లవర్ నారు తెచ్చి నాటండి. ఉల్లి, వెల్లుల్లి కూడా ఇప్పుడే. కొత్తిమీర గింజను చేత్తో నలిపి రెండుగా చేసి వేస్తే బాగా మొలుస్తుంది, అది మీకు తెలిసిందే. మూడు వారాలకొకసారి కొంచెం కొంచెం చల్లుతూ పోతే మార్చి దాకా కోసుకోవచ్చు. ఎండ ముదిరాక కొత్తిమీర పూతకొచ్చేస్తుంది, అప్పుడు దాన్ని తిట్టుకోకుండా ధనియాలకు వదిలేయండి.

డిసెంబరు, జనవరిలో కొన్ని రాత్రులు చలికి ఆకుల మీద మంచు గడ్డకడుతుంది. ఆ రాత్రి లేత మొక్కల మీద పాత దుప్పటి కప్పి, ఎండ రాగానే తీసేయండి. ప్లాస్టిక్ కవరు ఆకులకు తగిలేలా కప్పకండి.

ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి దాకా టమాటా నారు. వీలైనంత త్వరగా నాటాలి, ఎందుకంటే రాత్రిళ్ళు కూడా 80 డిగ్రీల కిందికి దిగని రోజులొస్తే పూత నిలవదు, రాలిపోతుంది. అంటే మీ చేతిలో ఉన్న సమయం మే చివరి దాకానే. పెద్ద కాయల రకాల జోలికి పోకుండా చెర్రీ టమాటా, త్వరగా కాసే రకాలు ఎంచుకోండి. మిర్చి, వంగ నారు మార్చిలో నాటండి. ఇవి వేసవిలో కొంచెం డీలా పడినా నీడ పట్టి బతికిస్తే సెప్టెంబరు, అక్టోబరుల్లో మళ్ళీ కాస్తాయి.

మార్చి చివర, ఏప్రిల్‌లో మన ఆట మొదలవుతుంది. గోంగూర, బెండ, తోటకూర, బచ్చలి, గోరుచిక్కుడు, బొబ్బర్లు, దోస, సొర, బీర, కాకర. అమెరికన్ పొరుగువాళ్ళ తోటలు ఎండిపోయే జూన్‌లో గోంగూర నడుము ఎత్తు లేస్తుంది. పగటి పొడవు తగ్గాకే అది పూతకొస్తుంది కాబట్టి వేసవంతా ఆకు కోసుకోవచ్చు. చిక్కుడు పాదుదీ అదే స్వభావం. ఆగస్టులో ఆకులే తప్ప పూత లేదని పీకేయకండి, ఊళ్ళో సంక్రాంతికి కాసినట్టే ఇక్కడా చల్లబడ్డాకే కాస్తుంది.

సొర, బీర పిందెలు పసుపెక్కి రాలిపోతున్నాయంటే నూటికి తొంభై పాళ్ళు కారణం పరాగం అందకపోవడమే. వాటి పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, అప్పటికి తేనెటీగలు గూటికి చేరుతుంటాయి. ఈ పనికి పిల్లల్ని పిలవండి. పువ్వు వెనక బుల్లి కాయ ఉంటే ఆడపువ్వు, వట్టి కాడ ఉంటే మగపువ్వు. మగపువ్వును కోసి, రేకులు వెనక్కి తుంచేసి, మధ్యలో మిగిలిన పుప్పొడి కాడతో ఆడపువ్వు మధ్య మెల్లగా రాయమనండి. తాము రాసిన పువ్వుకు దారం కట్టి గుర్తు పెట్టమనండి. నాలుగైదు రోజుల్లో ఆ పిందె వంగి, లావెక్కడం మొదలైతే ఇక వాళ్ళు రోజూ బడి నుంచి రాగానే ముందు పాదు దగ్గరికే పరుగెడతారు. సొరకాయ కూర తినరని బాధపడే తల్లులు ఇది ఒకసారి చేసి చూడండి.

జూలైలో మాన్‌సూన్ వానలు తగిలాక రెండో విత్తు. బొబ్బర్లు మళ్ళీ వేయొచ్చు. వాటితోపాటు టెపరీ బీన్స్ కూడా వేసి చూడండి. ఓధమ్ ప్రజలు తరతరాలుగా ఈ వానల మీదే పండించుకుంటున్న చిన్న గింజ అది, ఇంత తక్కువ నీటితో పండే చిక్కుడు జాతి అరుదు. బొబ్బర్లలాగే ఉడికించి గుగ్గిళ్ళు చేసుకోవచ్చు, కాకపోతే రాత్రంతా నానబెట్టాలి. టూసాన్‌లో 1983లో మొదలైన నేటివ్ సీడ్స్ సర్చ్ అనే సంస్థ ఈ పాత విత్తనాలను కాపాడుతూ అమ్ముతోంది.

విత్తనాల గురించి ఒక మాట. అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చేటప్పుడు పొట్లం కట్టి తెస్తామంటారు. సరైన కాగితాలు లేకుండా తెస్తే ఎయిర్‌పోర్టులో తీసేసుకుంటారు, చెప్పకుండా తెస్తే జరిమానా. మన కూరగాయల విత్తనాలన్నీ అమెరికాలోనే దొరుకుతున్నాయి, పెద్దవాళ్ళను ఆ గొడవలో పెట్టకండి.

కరివేపాకు, మునగ, మల్లె

కరివేపాకును తొట్టిలోనే పెంచండి. చలి రాత్రుల్లో గోడ వారకు జరపొచ్చు, మట్టి కూడా మన చేతిలో ఉంటుంది. లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా కనిపిస్తే మట్టిలో సున్నం వల్ల ఇనుము అందడం లేదన్నమాట. పుల్లమజ్జిగ పోయడం మన అలవాటు, పోసినా తప్పు లేదు, కానీ ఈ నీళ్ళతో, ఈ మట్టిలో చెంబెడు మజ్జిగ ప్రభావం కొద్దే. ఈడీడీహెచ్ఏ అని రాసి ఉన్న ఐరన్ మందు సున్నపు నేలలో కూడా పనిచేస్తుంది, అది అడిగి కొనండి. ఇంకొకటి, కాలిఫోర్నియా నుంచో టెక్సస్ నుంచో స్నేహితుల కారులో కరివేపాకు మొక్క తెప్పించకండి. నిమ్మ, నారింజ చెట్లను చంపే సిట్రస్ గ్రీనింగ్ తెగులును మోసే పురుగు కరివేపాకు మీద కూడా బతుకుతుంది. అందుకే క్వారంటైన్ నిబంధనలు ఉన్నాయి. ఇక్కడి నర్సరీలోనే కొనుక్కోండి.

మునగకు ఈ ఎండ అంటే పండగే. చలికి పైన ఎండిపోయినా మార్చిలో మొదలు నుంచి చిగురేస్తుంది. దానిమ్మ, అంజూర, రేగు, నిమ్మ అన్నీ బాగా వస్తాయి. నిమ్మ జాతి చెట్ల కింది కొమ్మలు కొట్టేయకండి, కొట్టేస్తే కాండం ఎండకు పగులుతుంది. అప్పటికే కొట్టేసి ఉంటే కాండానికి తెల్ల సున్నమో, నీళ్ళు కలిపిన తెల్ల పెయింటో పూయండి. మల్లెను తూర్పు గోడ పక్కన పెట్టండి. మేలో పూస్తుంది, వారాంతానికి ఒక మూరెడు మాల వస్తే చాలదూ!

పిట్టలు, సీతాకోకచిలుకలు, ముళ్ళ మొక్కలు

పెరడంతా కూరగాయలే వేయకండి. మూడో వంతు ఎడారికే వదిలేస్తే నీళ్ళు ఆదా, పిల్లలకు చూడ్డానికి బోలెడు. చుపరోసా, ఫెయిరీ డస్టర్ అనే ఎర్రపూల పొదలు వేస్తే హమ్మింగ్‌బర్డ్‌లు వస్తాయి. అన్నాస్ రకం ఇక్కడ ఏడాదంతా ఉంటుంది. డెజర్ట్ మిల్క్‌వీడ్ మన జిల్లేడు చుట్టం, తుంచితే అలాగే తెల్లపాలు కారుతాయి, కళ్ళకు తగలనివ్వకండి. ఊళ్ళో జిల్లేడు మీద వాలే నారింజ రంగు సీతాకోకచిలుకకు దగ్గరి జాతివే, క్వీన్, మోనార్క్ అనేవి, దీని మీద గుడ్లు పెడతాయి. ఆకులు కొరికేస్తున్నాయని మందు కొట్టారంటే అంతా పోయినట్టే.

వెడల్పాటి మట్టిపళ్ళెంలో అంగుళం లోతు నీళ్ళు నీడలో పెట్టండి. నెత్తిన తురాయి ఊపుకుంటూ గాంబెల్స్ క్వెయిల్ జంట, వెనకే బంతుల్లా పిల్లలు వరస కట్టి రావడం వసంతంలో చూడొచ్చు. నీళ్ళు రోజూ మార్చాలి, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. 2021లో ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో, దోమల వల్ల సోకే వెస్ట్ నైల్ వైరస్ బాగా ప్రబలింది. పిట్టలకు గింజలు వేయొచ్చు గానీ, జావలీనా అనే అడవిపందిలాంటి జంతువులకు, నక్కల్లాంటి కయోటీలకు తిండి పెట్టడం ఇక్కడ చట్టప్రకారం నేరం.

సగ్వారో అనే స్తంభంలాంటి పెద్ద ముళ్ళ మొక్క కొనాలనిపిస్తే అనుమతి చీటీ ఉన్నదే కొనండి, ఎడారిలోంచి తవ్వి తేవడం నేరం. చెయ్యి, అంటే పక్క కొమ్మ, మొలవడానికే యాభై ఏళ్ళు పైన పట్టే మొక్క అది, మనవల కోసం నాటుతున్నట్టు. చోయా అనే ముళ్ళ మొక్క మాత్రం పిల్లలున్న పెరట్లో వద్దు. బయట నడకకు వెళ్ళినప్పుడు అది అంటుకుంటే చేత్తో లాగకండి, దువ్వెన పళ్ళు సందులో పెట్టి ఒక్క విసురున ఎగరేయండి. ఏ మొక్క ఎంత పెద్దదవుతుందో కొనేముందు చూడాలంటే పపాగో పార్కు దగ్గరున్న డెజర్ట్ బొటానికల్ గార్డెన్‌కు ఒక పూట వెళ్ళి రండి. పిట్టలకైతే గిల్బర్ట్‌లోని రిపేరియన్ ప్రిజర్వ్.

గోడల వెంట ఉన్న గన్నేరు విషమని మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు, కానీ ఇక్కడ పుట్టిన పిల్లలకు చెప్పాలి. దాని పుల్లలతో ఆడనివ్వకండి, కాల్చకండి.

వేసవిలో వేళలు మార్చుకోండి

అరిజోనాలో వేసవికి గడియారం గంట ముందుకు జరపరు కాబట్టి జూన్‌లో అయిదుంబావుకే తెల్లారుతుంది. పని అంతా ఏడింటిలోపు ముగించాలి. ఎండలో పడి ఉన్న పైపులోని మొదటి నీళ్ళు ఒళ్ళు కాలేంత వేడిగా ఉంటాయి. పిల్లల మీద ఎప్పుడూ నేరుగా చిమ్మకండి, మొక్కల మీద కూడా. బకెట్‌లోకి వదిలి చల్లారాక వాడుకోండి. ఉత్తకాళ్ళతో సిమెంటు మీద అడుగు పెట్టనివ్వకండి.

రాత్రి ఎనిమిదిన్నర తరవాత పెరడు మళ్ళీ మనదవుతుంది. ఒక అల్ట్రావయొలెట్ టార్చ్ కొనండి, ఖరీదేం కాదు. బూట్లు వేసుకుని, చీకట్లో గోడ మీద, కుండీల చుట్టూ వేసి చూడండి. తేలు ఉంటే నీలి ఆకుపచ్చ కాంతితో మెరుస్తుంది, పగలు కళ్ళ ముందున్నా కనపడని గడ్డి రంగు బార్క్ స్కార్పియన్ ఇప్పుడు పది అడుగుల దూరం నుంచే తెలిసిపోతుంది. అదే లైటు టమాటా మొక్క మీద వేస్తే, ఆకులో ఆకులా కలిసిపోయి తింటున్న వేలెడు హార్న్‌వార్మ్ పురుగు కూడా మెరుస్తుంది. పట్టుకారుతో తీసేయండి, మందు అక్కర్లేదు. లెక్కపెట్టడం పిల్లల పని, తీయడం పెద్దవాళ్ళ పని అని ముందే ఒప్పందం చేసుకోండి. బయట వదిలిన చెప్పులు, చేతి తొడుగులు దులపకుండా వేసుకోకండి. తేలు కుడితే పాయిజన్ హెల్ప్‌లైన్ 1-800-222-1222కి ఫోన్ చేయండి. చిన్న పిల్లలకు కుట్టి, కళ్ళు అటూ ఇటూ తిరుగుతున్నా, ఊపిరి ఆడకపోయినా నేరుగా 911.

జూన్‌లో ఇండియా వెళ్తున్నారా?

మన పిల్లల బడి సెలవులు, ఈ ఊరి నిప్పుల ఎండ ఒకేసారి వస్తాయి. ప్రయాణానికి రెండు వారాల ముందే డ్రిప్‌ను టైమర్ మీద పెట్టి, ప్రతి ఎమిటర్ దగ్గరా నీరు పడుతోందో లేదో చూడండి. గట్టి నీళ్ళ సున్నం పేరుకుని చాలా ఎమిటర్లు మూసుకుపోయి ఉంటాయి, వాటిని పీకి కొత్తవి పెట్టండి. తొట్లన్నీ ఒకచోట చేర్చి ఇంటికి ఉత్తరం పక్క నీడలో, డ్రిప్ పైపు అందే చోట పెట్టండి. టమాటా అప్పటికే అయిపోయి ఉంటుంది, పీకేయండి. బెండ, గోంగూర మీరు లేకున్నా ఆగవు. పక్కింటి వాళ్ళకు గేటు తాళం ఇచ్చి, రెండు రోజులకొకసారి కోసుకోమని చెప్పండి. కోయకపోతే బెండ ముదిరి కాపు ఆపేస్తుంది. టైమర్ డబ్బాకు ఎండ తగలకుండా అట్టో, గుడ్డో అడ్డం కట్టి, పాత బ్యాటరీ ఇంకా పనిచేస్తున్నా సరే, కొత్తది వేసి వెళ్ళండి.